తల తడిపితే చాలన్న పుస్తకం

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పారేయలేను, చదవలేను. తోలు అట్ట పాత చింతపండు రంగుకి తిరిగింది. పురుగు మొదటి పేజీలో దూరి చివరి పేజీలో తేలింది. "అప్పా, నీకన్నా పురుగే శ్రద్ధగా సదివింది" అని నవ్వేవాడు తమ్ముడు. మావైపు అక్కని అప్ప అంటారు.

ఎప్పుడో నూరేళ్ళ కిందట ఇంగ్లండులో ఒక మెథడిస్టు పండితుడు క్రైస్తవ బాప్తిస్మం గురించి రాసిన పుస్తకం అది. మనిషిని నీళ్ళలో నిలువునా ముంచాలా, తల మీద కాసిని నీళ్ళు పోస్తే చాలా? ఎదిగి అడిగినవాళ్ళకే ఇవ్వాలా, పసిపిల్లలకి కూడా ఇవ్వొచ్చా? ఆయన తగువంతా ఇదే. పోస్తే చాలు, పిల్లలకీ ఇవ్వొచ్చు అని ఆయన తీర్పు. కడుపు నిండినవాళ్ళు కుర్చీల్లో కూర్చుని పడే తగువు అనిపిస్తుంది చూసేవాళ్ళకి. మా ఇంట్లో అది ప్రాణం మీదికి వచ్చింది.

మేం కలకత్తాలో, రేవు దగ్గర ఏక్‌బాల్‌పూర్‌లో ఒక గదిలో ఉండేవాళ్ళం. శ్రీకాకుళం వైపు నుంచి తాత రేవు పనికి వచ్చాడు, ఆయన వెనక నాన్న. చుట్టుపక్కల గదుల్లో కూడా మావాళ్ళే ఎక్కువ. పగలంతా నోట్లో హిందీ, బెంగాలీ. గడప దాటి లోపలికి వస్తే తెలుగు. నేను బెంగాలీ పిల్లలతో కలిసి ఇంగ్లీషు బడిలో చదివాను. అప్పట్లో నా తెలుగు నోటి తెలుగే. అక్షరాలు నాన్న బైబిలు మీద కూడబలుక్కుని నేర్చుకున్నవి. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు పెళ్ళై ఆంధ్రా వైపు వచ్చాక పట్టుబడింది.

మా సంఘం ముంచే సంఘం. పసిబిడ్డలకి బాప్తిస్మం లేదు. పిల్ల గానీ పిల్లాడు గానీ బుద్ధి తెలిసే వయసుకి వచ్చి, ఆరాధనలో లేచి నిలబడి, నాకు కావాలని తనంతట తాను అడగాలి. అప్పుడు పెద్దలు కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు. తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే అందరం తెల్లబట్టలు కట్టుకుని మెటియాబ్రుజ్ వైపు ఒక ఘాట్‌కి వెళ్ళేవాళ్ళం. గంగలో పోటు నిండి, నీళ్ళు అటూ ఇటూ కాకుండా కాసేపు నిలబడే వేళ ఒకటి ఉంటుంది. రేవులో పనిచేసేవాళ్ళకి ఆ వేళ ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కాసేపట్లోనే పెద్దాయన నడుము లోతుకి దిగి ఒక్కొక్కరినీ ముంచి లేపేవాడు. ఒడ్డున ఆడవాళ్ళు పాట ఎత్తుకునేవాళ్ళు. పక్క మెట్ల మీద బట్టలుతుక్కునేవాళ్ళు ఉతకడం ఆపి చూసేవాళ్ళు.

మునిగినవాళ్ళకే ప్రభువు బల్ల. నెలకోసారి రొట్టె పళ్ళెం వరస వెంట వచ్చేది. మునగనివాడు దాన్ని ముట్టుకోకుండా పక్కవాడికి పోనివ్వాలి. పిల్లలకి ఇది చిన్న విషయం కాదు. మునిగిన మర్నాటి నుంచి పెద్దవాళ్ళు మనతో మాట్లాడే తీరే మారిపోతుంది. నేను మునిగినప్పుడు నాన్న ఇంటికొచ్చి నన్ను "మీరు" అన్నాడు, ఆ ఒక్కరోజుకే అనుకోండి.

తమ్ముడికి చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చింది. తగ్గిందనుకున్నాం. అది మోకాళ్ళు వదిలి గుండెలో కూర్చుందని తర్వాత తెలిసింది. గుండెలో తలుపొకటి సరిగ్గా మూసుకోవడం లేదని ఆసుపత్రిలో చెప్పారు. ఆపరేషన్‌కి ముందు కాస్త బలం పట్టాలన్నారు. వాడికి బలం పట్టలేదు. అలాంటి రోజుల్లోనే, పదిహేను దాటాక, వాడు ఆరాధనలో ముందు బెంచీ పట్టుకుని లేచి నిలబడి బాప్తిస్మం అడిగాడు. గొంతు సన్నగా వచ్చింది గానీ చివరి వరస దాకా వినబడింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వానలు వెళ్ళాక పెట్టుకుందామన్నారు పెద్దలు.

వానలు వెళ్ళాయి, వాడు మంచాన పడ్డాడు. మెట్లు ఎక్కితే ఆయాసం, తర్వాత నడిస్తే ఆయాసం, చివరికి పడుకుంటే ఆయాసం. తలగడలకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. గంగ మాట ఎత్తితే డాక్టరు కోప్పడ్డాడు. సంఘం పెద్దలు మంచివాళ్ళే. గోరువెచ్చని నీళ్ళు పెద్ద డ్రమ్ములో పోద్దాం, ఇంటి ముందే ముంచుదాం అన్నారు. నాన్న మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళి అడిగాడు. వెచ్చనివైనా చల్లనివైనా ఒకటే, ఛాతీ దాకా నీళ్ళు పట్టి తల ముంచితే ఈ పిల్లాడికి ఊపిరి తిరగదు, నీ చేతుల్లోనే పోతాడు అని చెప్పాడు డాక్టరు. ఆ మాట నాన్న ఇంటికి తెచ్చి, అమ్మతో చెప్పకుండా నాతో చెప్పాడు. గోడలు పలచన. అమ్మ వింది.

అమ్మకి వాడి రోగం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. వాడు మునగకుండా పోతే పరలోకం బయట నిలబడిపోతాడని ఆవిడ భయం. మా సంఘంలో అలా ఎవరూ బోధించలేదు. అడిగినవాడి మనసు దేవుడికి తెలుసనే చెబుతారు. కానీ అమ్మ చదువు వేరు. "అందరం లోపలుంటాం, ఆడు గుమ్మంకాడ ఉంటాడు. నానెలగ కూకోను?" అని నన్ను అడిగేది, నేనేదో కాలేజీ పిల్లని గనక నాకు తెలుస్తుందన్నట్టు. నాకేం తెలుసు?

అప్పుడు దొరికింది ఆ పుస్తకం.

కాలేజీ పుస్తకాలు పాతవి కొనడానికి కాలేజీ స్ట్రీట్ వెళ్ళాం నాన్నా నేనూ. తిరిగి వద్దామంటే ఎర్రజెండాల ఊరేగింపు ఒకటి రోడ్డంతా ఆక్రమించింది. ట్రాములు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. అలాంటివి ఆ ఊళ్ళో మామూలే. తొందర పడితే మనమే ఆయాసపడాలి. ఫుట్‌పాత్ మీద ఒక కొట్టు ముందు నిలబడ్డాం. నాన్నకి ఇంగ్లీషు రాదు గానీ ఓడల్లోంచి దింపే పెట్టెల మీద రాతలు చూసీ చూసీ అక్షరాలు వచ్చు. పుస్తకాల వీపుల మీద వేలితో వెళుతూ, ఒకచోట ఆగి, అక్షరం అక్షరం కలుపుకున్నాడు.

"అమ్మీ, ఇది బాప్తిస్మమేనేటి?"

అవునన్నాను. కొట్టువాడు, "దాదా, అది ఎవరూ కొనరు, తీసుకెళ్ళండి" అని దుమ్ము దులిపి చేతిలో పెట్టాడు. దుమ్ము నాన్న చొక్కా మీద పడింది.

ట్రాములో కూర్చున్నాక ఊరికే తెరిచాను. ముందుమాటలోనే ఉంది: తల మీద నీళ్ళు పోసినా అది నిండు బాప్తిస్మమేనని. నాన్నకి చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. కిదిర్‌పూర్ దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. దిగాక, జనం తోసుకుపోతుంటే నడిరోడ్డు మీద ఆగి, "అయితే మనోడికి అవుతాదన్నమాట" అన్నాడు.

నాన్న మొహంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు, తర్వాత చూడలేదు. నాకూ ఆశ పుట్టింది. ఎవరికైనా కీడు తలపెట్టాలంటే ఆశ పెడితే చాలు, వేరే ఏమీ చెయ్యక్కర్లేదు.

సాయంత్రాలు చదవడం మొదలైంది. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయేది. హరికేన్ లాంతరు ముట్టించి నేను ఇంగ్లీషు వాక్యం చదివేదాన్ని, దాన్ని తెలుగులోకి లాక్కొచ్చేదాన్ని. ఆ పండితుడి వాక్యం ఒక పేజీలో ఎత్తుకుంటే తర్వాతి పేజీలో గానీ దించడు. మధ్యలో ఆయనకి నచ్చనివాళ్ళందరినీ మర్యాదగా తిట్టి వస్తాడు. నా తెలుగు చాలేది కాదు. సగం బెంగాలీ, సగం చేతి సైగలు. నాన్న ఒళ్ళో తెలుగు బైబిలు పెట్టుకుని పండితుడు చూపించిన చోటల్లా తెరిచి సరిచూసేవాడు. సరిపోతే తల ఊపేవాడు. తమ్ముడు తలగడలకి ఆనుకుని వినేవాడు. అమ్మ పొయ్యి దగ్గర ఉండి విననట్టు ఉండేది.

చెరసాల నాయకుడికీ వాడి ఇంటివాళ్ళకీ రాత్రికి రాత్రి బాప్తిస్మం ఇచ్చారే, జైల్లో నది ఎక్కడిది అంటాడు ఆయన. యెరూషలేములో ఒక్కరోజు వేలమందికి ఇచ్చారే, ఆ ఊళ్ళో అంతమందిని ముంచేటన్ని నీళ్ళు ఎక్కడివి అంటాడు. నాన్నకి ఇవి బాగా నచ్చాయి. "ఆ మాట నిజమే గదా! నిజమే గదా!" అని తొడ చరుచుకునేవాడు. ఒకరోజు పండితుడు పసిపిల్లల సంగతికి వచ్చాడు. యూదులు ఎనిమిదో రోజునే సున్నతి చేసి బిడ్డని దేవుడి లెక్కలో వేసేవాళ్ళే, మరి క్రైస్తవుల బిడ్డలు అంతకంటే తీసిపోయారా అని రాశాడు. నేను తెలుగు చేసి చెప్పాను.

పొయ్యి దగ్గర గిన్నె దించిన చప్పుడు. అమ్మ లేచి వచ్చి లాంతరు ముందు నిలబడింది.

"అంటే ఆడు పుట్టినప్పుడే రెండు సుక్కలు పోసీసుంటే అయిపోయీదా?"



"పదారేళ్ళు ఆగమన్నదెవులు? ఆడికి బుద్ధి రావాలన్నదెవులు? బుద్ధొచ్చింది, ఒళ్ళు పోయింది. ఇప్పుడు దొరలు సెప్తన్నారా, సుక్క సాలని?"

తమ్ముడు "అమ్మా" అన్నాడు. అమ్మ వాడి కాళ్ళ దగ్గర కూర్చుని, వాచిన పాదాలు ఒళ్ళోకి తీసుకుంది. ఆ రోజు చదువు అక్కడితో ఆగింది.

నాన్న సంఘం పెద్దల్ని ఇంటికి పిలిచాడు. ముగ్గురు వచ్చారు, ఆదివారం మధ్యాహ్నం ఆరాధన అయ్యాక. అందరిలో పెద్దాయనని మేం పెద్దయ్యా అనేవాళ్ళం. రేవులో యూనియన్ మనిషి. వారమంతా గేటు ముందు ఎర్రజెండా, ఆదివారం బైబిలు. ఆయనకి రెండిటికీ పొత్తు కుదిరింది. మెడ మీద బస్తాలు మోసిన గుర్తు ఉండేది. గంగలో ముంచేది ఆయనే. నన్ను ముంచింది కూడా ఆయనే.

గదిలో చోటు లేక ఒకాయన గుమ్మంలో కూర్చున్నాడు. అమ్మ టీ ఇచ్చింది. నేను పుస్తకం తెరిచి, ముందే సిద్ధం చేసుకున్న చోట్లు చదివి చెప్పాను. జైలు నాయకుడి సంగతి చెప్పాను. యెరూషలేము నీళ్ళ సంగతి చెప్పాను. నీళ్ళు ఎన్నన్నది కాదు, ఎవరి పేరున పోశామన్నదే ముఖ్యమని ఆయన అన్నది చెప్పాను. మిగతా ఇద్దరూ మెత్తబడ్డారు. గుమ్మంలో ఆయన, "పిల్ల బాగా సెప్పింది. రోగిష్టి గుంటడు, దేవుడు సూడ్డా?" అన్నాడు. నాన్న గబగబా బైబిలు పేజీలు తిప్పుతున్నాడు, అడిగినా అడక్కపోయినా చూపిద్దామని. గెలిచామనే అనుకున్నాను.

పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టాడు. నాన్నతో కాదు, నాతో మాట్లాడాడు.

"సూడమ్మా. ఆ దొర సదువుకున్నోడు. ఆయన సెప్పిందాట్లో తప్పెతికీ తెలివి నాకు నేదు. గానీ ఆయనెప్పుడైనా దాహమేసి నూతికాడ నిలబడినాడేటి?"

నాకు అర్థం కాలేదు.

"మా ఊర్లో మనోలు నుయ్యి ముట్టుకోకూడదు. గట్టుకి ఇవతల కూకుని దోసిలి పట్టాల. ఎవులో ఒకలు దయ తలిసి పైనుంచి పోసీవోరు. సెయ్యి సేతికి తగిలిపోతాదని ఎత్తునుంచి పోసీవోరు. సగం నేలపాలు, సగం మీద పడీది. మా అయ్య ఆ నీలే తాగి పెరిగినాడు. నానూ తాగినాను. అప్పుడు పాస్టరుగారొచ్చి మా అయ్యని ఏట్లో దింపినాడు. మెడకింద ఒక సెయ్యేసినాడు, నడుంకాడ ఒక సెయ్యేసినాడు, ఒడిసి పట్టుకుని ముంచినాడు, లేపినాడు. అందాకా మావోల్ని బయటోడెవుడూ అలగ ముట్టుకోనేదమ్మా. మా అయ్య సచ్చీదాకా అదే సెప్పీవోడు, నన్ను పట్టుకున్నారురా అని."

ఆయన గొంతు పెద్దది కాలేదు. గొంతు పెంచుంటే ఎదురు చెప్పేదాన్ని.

"పైనుంచి పోసిన నీలతో దేవుడు నన్ను కలుపుకుంటాడంటే నాను నమ్మలేను. ఆ పోత నాకు తెలుసు. గుంటడు లేస్తాడు. లేసినాక గంగలో దింపుదాం. నా సేతుల్తో దింపుతాను."

పుస్తకంలో ఇన్ని వందల పేజీలు. ఎన్ని రకాల ఎదుటివాళ్ళకో జవాబు రాసుకున్నాడు ఆ పండితుడు. నూతి గట్టు మీద నుంచి పోసే నీళ్ళ గురించి ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు. నాకు పెద్దాయన మీద ఒళ్ళు మండిపోయింది. ఆయన చెప్పింది నిజమే, ఆ నిజం పెట్టుకుని మేమేం చేసుకోవాలి? వాడు లేవడని ఆయనకి తెలుసు. గదిలో అందరికీ తెలుసు. వాడికీ తెలుసు. వాడు మంచం మీద నుంచి పెద్దాయన చేతుల్నే చూస్తున్నాడు.

పెద్దలు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. అమ్మ గ్లాసులు కడగకుండా అలాగే వదిలేసింది, ఎప్పుడూ అలా చెయ్యదు.

నాన్న ఊరుకోలేదు. అంతటి మెత్తని మనిషిలో అంత పట్టుదల ఉందని మాకు తెలియదు. అప్పటికే రేవుకి ఓడలు తగ్గుతున్నాయి, వారంలో సగం రోజులు పని ఉండేది కాదు. ఆ ఖాళీ రోజుల్లో ఊరంతా తిరిగి ఒక మెథడిస్టు పాదిరిని పట్టుకున్నాడు. బెంగాలీ ఆయన, నెరిసిన జుట్టు, నెమ్మది మనిషి. పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిన నాన్నని చూసి ఆయన ఏమనుకున్నాడో గానీ, కూర్చోబెట్టి అంతా విన్నాడట. "పిల్లాడు అడిగితే నేను మీ ఇంటికే వస్తాను. ఒక గిన్నెలో నీళ్ళు చాలు" అన్నాడట. సంఘం వదిలి రమ్మని కూడా అనలేదట.

నాన్న ఆ మాట తెచ్చిన రోజు అమ్మ మంచం కింద పెట్టెలోంచి తమ్ముడి తెల్లచొక్కా తీసి ఇస్త్రీ చేయించింది. గంగ రోజు కోసం కుట్టించిన చొక్కా అది. ఇప్పుడు భుజాలు జారిపోతాయి, అయినా పరవాలేదంది.

తమ్ముడు చొక్కా చూశాడు, నాన్నని చూశాడు. మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ అన్నాడు.

"నాకు పొయ్యొద్దు నాన్నా."

"ఏటిరా?"

"పొయ్యొద్దు. ముంచితే ముంచండి."

నేను మంచం అంచున కూర్చున్నాను. పాదిరిగారు తల మీద చెయ్యి వేస్తారురా, దూరం నుంచి కాదురా అని చెప్పాను. పుస్తకం మాటలన్నీ మళ్ళీ చెప్పాను. వాడు విన్నాడు. వాడెప్పుడూ బాగా వినేవాడు.

"అప్పా, గిన్నెలో ఆయన ఏలు మునుగుతాది. నాను మునగను."

"నీ ఒంటికి పడదురా."

"తెలుసు. నాన్ననీ పట్టుకున్నారు, అమ్మనీ పట్టుకున్నారు, నిన్నూ పట్టుకున్నారు. నన్నొక్కడ్నీ గట్టు మీంచి తడుపుతారా?"

అమ్మ వాడి గడ్డం పట్టుకుంది. "నా నాయనా, నీకు దండం పెడతాను. నాకోసరం. ఒక్క సుక్క."

వాడు తల అడ్డంగా ఊపాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి గానీ మొహం గట్టిగా ఉంది. అంత బలం ఆపరేషన్‌కి పనికొచ్చేలా ఒంట్లో ఎక్కడైనా ఉంటే బాగుండేది. వాడికి సరిపోయే కారణమే అది, నాకు సరిపోలేదు. నాకు అందరి మీదా కోపం వచ్చింది. ముందుగా తమ్ముడి మీద. వాడు నూతి గట్టుని చూసినవాడు కాదు. కలకత్తాలో పుట్టాడు, కార్పొరేషన్ కుళాయి నీళ్ళు తాగి పెరిగాడు, ఆ క్యూలో అందరూ అందరినీ తోసుకునేవాళ్ళే. పెద్దాయన తన తండ్రి దాహాన్ని తెచ్చి మా వాడి ఛాతీ మీద పెట్టి వెళ్ళిపోయాడు. వాడు దాన్ని తనదే అనుకున్నాడు.

"తగ్గినాక గంగకే ఎల్దాం" అన్నాడు తమ్ముడు, మమ్మల్ని ఓదార్చడానికి.

నాన్న మర్నాడు పాదిరిగారి దగ్గరికి వెళ్ళి రావద్దని చెప్పి వచ్చాడు. తర్వాత పుస్తకం తెరవలేదు. చదవమని నన్ను అడగలేదు. తమ్ముడికి ఇంకా ఇంకా ఎత్తుగా కూర్చుంటే తప్ప ఊపిరి అందేది కాదు. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టాం. తలగడలు చాల్లేదు. పక్కింటివాళ్ళు ఒకటి ఇచ్చారు, అదీ చాల్లేదు. ఒకరోజు అమ్మ ఆ పుస్తకం తీసి గుడ్డలో చుట్టి తలగడల అడుగున పెట్టింది. కాస్త ఎత్తు వచ్చింది. "ఇప్పుడు బాగుంది" అన్నాడు వాడు. ఆ పండితుడు రాసిందాంట్లో మా ఇంటికి నిజంగా ఉపయోగపడింది అంతే.

వాడు ఒక మధ్యాహ్నం పోయాడు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి గల్లీలో జనం ఉన్నారు. నన్ను చూసి దారి ఇచ్చారు. దారి ఇచ్చిన తీరులోనే తెలిసిపోయింది.

మావాళ్ళలో శవానికి స్నానం చేయించాకే పెట్టెలో పెడతారు. మగవాడైతే మగవాళ్ళే చేయిస్తారు. గల్లీ చివర కుళాయి దగ్గర నీళ్ళు వచ్చే వేళ అది. బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు, బీహారీలు, బెంగాలీలు, అందరూ వెనక్కి జరిగి మా డ్రమ్ము నింపుకోనిచ్చారు. ఇంటి ముందు రెండు దుప్పట్లు అడ్డం కట్టారు. లోపల చెక్క మీద వాడు. పెద్దాయన రేవు నుంచి అలాగే వచ్చేశాడు, పని బట్టల మీదే. ఎవరూ చెప్పకుండానే పంచె ఎగ్గట్టి కూర్చుని వాణ్ణి లేపి పట్టుకున్నాడు. మెడ కింద ఒక చెయ్యి, నడుము దగ్గర ఒక చెయ్యి. నాన్న చెంబు పట్టుకుని డ్రమ్ము దగ్గర నిలబడ్డాడు. నేను బయట దుప్పటి చివర గాలికి ఎగరకుండా పట్టుకుని సందులోంచి చూస్తున్నాను.

అమ్మ దుప్పటి తోసుకుని లోపలికి వచ్చింది. ఆడవాళ్ళు వెనక్కి లాగబోయారు, రాలేదు. ఏడవడం లేదు. డ్రమ్ములోకి చూసింది, నిండుగా ఉంది. పెద్దాయన వైపు తిరిగింది.

"ముంచండి బాబూ."

ఆయన తల ఎత్తాడు.

"ఇప్పుడు ఊపిరి తిరగదన్న భయం నేదు. ఏ డాక్టరూ వద్దనడు. డ్రమ్ము నిండా నీలున్నాయి, ఆడు మీ సేతుల్లోనే ఉన్నాడు. ముంచండి."

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"సచ్చినోడికి బాప్తిస్మం నేదమ్మా."

"బతికినోడికి ఎప్పుడిచ్చినారు?"

వాడి తల పెద్దాయన మోచేతి మీద వెనక్కి వాలి ఉంది. ఆయన దాన్ని సరిచేసి, ఛాతీకి ఇంకాస్త దగ్గరగా తీసుకున్నాడు. అమ్మ నిలబడే ఉంది.

నాన్న చెంబు డ్రమ్ములో ముంచి తీశాడు. సగం నీళ్ళు నేలపాలయ్యాయి.

"పొయ్యమంటావా, పెద్దయ్యా?" అని అడిగాడు.

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు.

"పొయ్యరా" అన్నాడు.